ట్రేలో చూపించిన గడ్డ

ఇంట్లోంచి, వంటగది గట్టు మీద

వదిన గారికి,

మీ మరదలు రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఉన్నది ఒక్క ఫోన్, అది మీ తమ్ముడి జేబులో ఉంటుంది. ఆయన పక్కన నిలబడి వింటుంటే ఈ సంగతులు నా నోట రావు. అందుకే కాగితం పట్టుకున్నాను. నా అక్షరాలు చూసి నవ్వకండి. బట్ట మీద సుద్దతో గీతలు గీసే చెయ్యి ఇది, పెన్ను దానికి పరాయిది.

స్కానింగ్ అయింది, కాగితాలు దీంతో పెడుతున్నాను. గర్భసంచిలో మూడు గడ్డలున్నాయట. ఫైబ్రాయిడ్లు అన్నారు. ఒకటి బాగా పెద్దది. ఇన్నేళ్ళుగా నాకు కడుపు రాకపోవడానికీ, వచ్చిన రెండుసార్లూ నిలవకపోవడానికీ ఇవే కారణం కావచ్చట. నెలనెలా నేను పడే పాట్లు మీకు తెలిసినవే. కటింగ్ టేబుల్ దగ్గర నిలబడితే నెత్తురు కాళ్ళ వెంట చెప్పుల్లోకి దిగుతుంది. ఇక్కడి డాక్టరమ్మ స్కాన్ చూసి, "సంచి తీయించేసుకో, పీడా పోతుంది" అంది, పాడైన జేబు విప్పేసి పారెయ్యమన్నంత తేలిగ్గా. నేను ఏడిస్తే, "ఇంత వయసొచ్చాక ఏడుపేంటమ్మా" అని తర్వాతి మనిషిని పిలిచింది. మీ తమ్ముడు అక్కడ నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక విప్పారు.

మీరు పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆపరేషన్ థియేటర్లోనే జీవితం గడిపారు. మీకు తెలియని కోత ఉండదు. చెప్పండి వదినా, సంచి ఉంచి గడ్డలు మాత్రం తీసే దారి ఉందా? నాకు బిడ్డ కావాలి. ఇంకేమీ అడగను.

మొన్న స్టూలు మీదనుంచి పడి పక్కటెముకకి దెబ్బ తగిలింది. గీతలు వంకరగా ఉంటే అందుకే.

మీ మరదలు


థియేటర్ పక్కన, నర్సుల గది

మరదలు పిల్లా,

ముందు ఆ ఏడుపు ఆపు. నీ ఉత్తరంలో సగం అక్షరాలు ఈత కొడుతున్నాయి. ఆ డాక్టరమ్మ మాట చెత్తబుట్టలో వెయ్యి. బిడ్డ కావాలనుకునే మనిషికి మొదటి మాటే సంచి తీసేయమని చెప్పడం బద్ధకం, వైద్యం కాదు.

నువ్వు పంపిన స్కాన్ మా సర్జన్‌కి చూపించాను. అర్థమయ్యేలా చెబుతాను, విను. గడ్డ ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడుందన్నది ముఖ్యం. నీకు బయటి వైపు వేలాడుతున్న చిన్నదుంది చూడు, దాని జోలికి పోనక్కర్లేదు, అది బిడ్డకి అడ్డం రాదు. లోపలి పొరలోంచి పొడుచుకొచ్చినది చిన్నదైనా పెద్ద దొంగ, పిండాన్ని అంటుకోనివ్వదు. అదొక్కటే అయితే పొట్ట మీద గీత కూడా పడకుండా కింది దారినే కెమెరా గొట్టం పంపి చెక్కేస్తారు. మూడోది గోడలో పాతుకుపోయి, నారింజ పండంతై, సంచి లోపలి చోటుని పక్కకి నెట్టేసింది. దాన్ని తీయడానికి రెండు దారులు. పొట్టకి చిన్న కన్నాలు పెట్టి, ముక్కలు చేసి లాగడం ఒకటి. త్వరగా కోలుకుంటావు గానీ, గోడని లోపల గట్టిగా కుట్టడానికి చెయ్యి బాగా తిరిగి ఉండాలి. పొట్ట కోసి, గడ్డని అలాగే పెకలించి, పొర మీద పొర చేత్తో కుట్టడం రెండోది. నొప్పి ఎక్కువ, మంచం ఎక్కువ రోజులు. నెత్తురు సరఫరా ఆపి గడ్డని ఎండగట్టే పద్ధతి ఒకటుంది, అది పిల్లలు కావాలనుకునేవాళ్ళకి మా సర్జన్ చెయ్యడు. మందులతో కుదించుకోవచ్చు, ఆపగానే మళ్ళీ పెరుగుతాయి.

ఇంకో మాట. ఇంత కోత పెట్టే ముందు మా తమ్ముడికీ పరీక్ష చేయించాలి. వీర్యం ఎలా ఉందో చూడకుండా ఆడదాని పొట్ట కోయడం తెలివితక్కువ పని. వాడికి నేను చెప్పానని చెప్పు. కోపిష్టే గానీ మనసు వెన్న. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుంటే గానీ నిద్రపోయేవాడు కాదు. అక్క మాట కాదనడు.

ఆ స్టూలు ఎక్కడం మానెయ్. వంటింట్లో నువ్వు ఎక్కాల్సినంత ఎత్తున ఏముందో నాకైతే తెలియదు.

మీ వదిన


ఇంట్లోంచి

వదిన గారికి నమస్కారములు.

మీ ఉత్తరము చేరినది. మీ తమ్ముడుగారు చదివి వినిపించినారు. ఆయనకు ఏ పరీక్షయు అవసరము లేదు. లోపము నాయందే కలదు. ఆయన నన్ను చాలా బాగా చూసుకొనుచున్నారు. ఇకపై ఇటువంటి విషయములు వ్రాయవలదని మనవి.

మీ మరదలు


షాపులోంచి, కటింగ్ టేబుల్ కింద కూర్చుని

వదినా,

నిన్న పంపిన ఉత్తరం ఆయన చెబుతుంటే నేను రాసింది. మీకు తెలిసే ఉంటుంది, ఆ మాటలు నావి కావని. ఇక మీద ఈ చిరునామాకి రాయండి. మా టైలరింగ్ షాపు నడిపే ఆవిడ, అందరం పెద్దమేడమ్ అంటాం, ఉత్తరం తన డ్రాయర్లో పెట్టి ఇస్తుంది.

మీ ఉత్తరాన్ని ఆయన పైకి చదివారు. గడ్డల దగ్గర బాగానే చదివారు, "మా అక్కకి ఎంత తెలుసో చూడు" అని మురిసిపోయారు కూడా. పరీక్ష మాట దగ్గర ఆగారు. కాగితం మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు. లేచి పనిముట్ల సంచి తెచ్చారు. కార్ల సొట్టలు తీసే ఆయన పనిలో ఒక రబ్బరు సుత్తి ఉంటుంది వదినా. రంగు పోకుండా, గీత పడకుండా కొట్టడానికి. దాంతో కొట్టారు. "గడ్డే కదా, లోపలి సొట్ట నేను బయటినుంచే తీస్తా" అంటూ పొత్తికడుపు మీద కొట్టారు. నేను ముడుచుకుంటే మోకాళ్ళతో తొక్కిపట్టి విప్పారు. గోడకి నెత్తురు ఎగిరింది, ముక్కులోంచి. కిందనుంచి కూడా పోయింది. పొద్దున్నే ఆ గోడ నాచేతే కడిగించారు. రబ్బరు సుత్తి గొప్పతనం ఏమిటంటే, చర్మం మీద పెద్దగా ఏమీ కనబడదు.

స్టూలు లేదు వదినా, మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

మీ మీద కోపం లేదు. మీరు మంచికే రాశారు.

మీ మరదలు


థియేటర్ పక్కన, నర్సుల గది

నా తల్లీ,

నేను రాసిన వాక్యం సుత్తై నీ మీద పడింది. దానికి క్షమాపణ అడగను, అడిగితే నువ్వు "ఫరవాలేదు వదినా" అంటావు, అది వినే ఓపిక నాకు లేదు.

నీ ఉత్తరం చదివాక వాణ్ణి నా టేబుల్ మీద పడుకోబెట్టి మత్తు లేకుండా కోయాలనిపించింది. ఎక్కడ కోస్తే ఎంతసేపు నెత్తురు కారుతుందో నాకు బాగా తెలుసు. ఇంత పాపపు ఆలోచన నాకెప్పుడూ రాలేదు, వచ్చినందుకు సిగ్గుపడటమూ లేదు.

మా నాన్న సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. అమ్మని జుట్టు పట్టుకుని గుమ్మానికేసి కొట్టేవాడు. ఒకసారి ఆమె చెయ్యి విరిగి ఎముక బయటికొచ్చింది. తమ్ముడు నా వెనక దాక్కుని నా చెయ్యి పట్టుకుని వణికేవాడు. ఆ వణుకునే ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నాను. వణుకుతూనే అన్నీ నేర్చుకున్నాడని మాత్రం నా బుర్రకి తట్టలేదు.

ఈ పూటే బయల్దేరి నా దగ్గరికి రా. రానంటే, కనీసం ఆపరేషన్ పేరుతో రా. ఇంటి చిరునామాకి తేనె పూసిన ఉత్తరం ఒకటి వాడి పేరున రాస్తున్నాను. పరీక్ష మాట ఎత్తను. "నా తమ్ముడు తండ్రి కావాలి, అక్క చేతుల మీదుగా కావాలి" అని రాస్తాను. సంచి తియ్యరని మాటిస్తాను. వాడు కరుగుతాడు.

సర్జన్ పొట్ట కోసే పద్ధతే అంటున్నాడు. గోడలోది పెద్దది, లోతుగా ఉంది, లోపలిది కూడా అదే కోతలో అందుతుందట. రేపు బిడ్డని మోయాల్సిన గోడ కాబట్టి చేత్తో పొరలు పొరలుగా కుడతానన్నాడు. కుట్టుపని నీకు నేను చెప్పాలా?

మీ వదిన


షాపులోంచి

వదినా,

ఒప్పుకున్నారు. మీ తేనె పనిచేసింది. నెలాఖరులో తీసుకొస్తారు.

వచ్చెయ్ అని రాశారు. వచ్చాను ఒకసారి, మీ దగ్గరికి కాదు, పెద్దమేడమ్ మేడ మీది గదికి. తెల్లారేసరికి తలుపు గడియ ఊడి గదిలో పడింది. జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకెళ్ళారు, ప్రతి మెట్టూ నా వెన్నుకి తగిలింది. పెద్దమేడమ్ అడ్డమొస్తే ఆవిడ మణికట్టు మెలిపెట్టారు. దారిపొడుగునా ఒకటే మాట. "నా బిడ్డ నీ కడుపులోంచి రావాలి. ఇచ్చాక ఎక్కడికైనా పోయి చావు." మళ్ళీ ఆయనే అంటారు, "ఆ సంచి పోయిన రోజున నిన్ను గుమ్మం లోపల ఉంచుకోను, కుక్క కూడా నిన్ను వెతుక్కుంటూ రాదు." అంటే సంచి ఉన్నన్నాళ్ళూ నేనెక్కడ దాక్కున్నా వెతుక్కుంటూ వస్తారు.

పిచ్చిదాన్ననుకోండి, అయినా నాకు ఆ సంచే కావాలి. ఆయన బిడ్డ కోసం కాదు. నా బిడ్డ కోసం. కిందపడిన గుడ్డముక్కలతో చిన్న చొక్కాలు కుట్టి దాచుకున్నాను, పెద్దమేడమ్‌కి తెలుసు, చూడనట్టు ఉంటుంది.

నెత్తురు ఆగకపోతే ప్రాణం కాపాడటానికి సంచి తీసేయాల్సి రావచ్చని, దానికి ముందే సంతకం పెట్టాలని మొన్నటి చీటీలో రాశారు. పెడతాను. కానీ మీరు పక్కనే ఉండండి. డాక్టరుకి చెయ్యి వణికితే మీరు తిట్టండి. మా వదిన తిడితే రాయి కూడా కదులుతుందని ఇక్కడందరికీ చెప్పాను.

మీ మరదలు


షాపు మేడ మీది గదిలోంచి

వదినా,

మీరెలా ఉన్నారో ఎవరూ సరిగా చెప్పడం లేదు. ఆయన మీ దవడ పగలగొట్టారని, దంతాలకి తీగ కట్టి పెద్దాసుపత్రికి పంపారని వార్డులో ఆయమ్మ చెప్పింది. ఎందుకని అడిగితే మొహం తిప్పుకుంది.

నాకు గుర్తున్నది ఇంతే. మత్తు పూర్తిగా దిగలేదు, ఎవరో మంచం పట్టుకుని కుదిపేస్తున్నారు. ఆయనే. "సంచి పోయింది, నువ్వూ పో" అని అరుస్తున్నారు. చేతికున్న సెలైన్ సూది పీకేశారు, నెత్తురు దుప్పటి మీద చిమ్మింది. కుట్ల మీద పిడికిలితో ఒక పోటు పొడిచారు. నా అరుపు నాకే వినబడింది, తర్వాత వార్డుబాయ్‌లు ఆయన్ని ఎత్తుకుపోయారు. పోలీసులొచ్చారట, ఒక రోజు ఉంచి వదిలేశారట. మళ్ళీ ఆసుపత్రి వైపు రాలేదు. నా బట్టలు మూటకట్టి షాపు గుమ్మంలో పడేసి పోయారు.

మర్నాడు సర్జన్‌ని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "ఎవరన్నారమ్మా? సంచి క్షేమంగా ఉంది. రెండు గడ్డలూ వచ్చేశాయి, గోడ బాగా కుదిరింది. పోటు తగిలిన చోట రెండు కుట్లు తెగితే మళ్ళీ వేశాను. కనీసం ఆరు నెలలు ఆగు. కడుపొస్తే మాత్రం నొప్పులదాకా ఆగకుండా ముందే ఆపరేషన్ చేసి బిడ్డని తీయాలి" అన్నాడు. వదినా, ఆ మాటకి కుట్లు లాగుతున్నా పెద్దగా ఏడ్చేశాను.

అయితే ఆయనకి అబద్ధం చెప్పిందెవరు? అది తెలియక నాకు నిద్ర లేదు. ఎవరో పొరపాటుగా చెప్పబట్టే కదా ఇంత జరిగింది. నిజం తెలిస్తే ఆయన పశ్చాత్తాపపడతారేమో. నవ్వకండి. పక్కన ఆయన గురక లేకపోతే నాకు భయంగా ఉంది, ఉన్నప్పుడూ భయంగానే ఉండేది, అయినా. "సంచి ఉంది, వచ్చి తీసుకెళ్ళండి" అని ఆయనకొక ఉత్తరం రాసి తలగడ కింద పెట్టుకున్నాను. మీకు చెప్పకుండా పోస్టు చెయ్యకూడదని ఆగాను.

మీ మరదలు


పెద్దాసుపత్రి, పళ్ళూ దవడల వార్డు

మరదలా,

నోటికి తీగ కట్టారు, గొట్టంతో జావ తాగుతున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఇన్నాళ్ళు మాట్లాడకుండా ఉండటం ఇదే మొదలు, వార్డంతా ప్రశాంతంగా ఉందట. సరే, చెప్పాల్సింది చెబుతాను.

మా థియేటర్లో ఒక పద్ధతుంది. లోపలినుంచి తీసినది ఏదైనా స్టీలు ట్రేలో పెట్టి, బయట కూర్చున్నవాళ్ళకి చూపించాలి. తీశామని వాళ్ళు నమ్మాలి. సర్జన్ ఇంకా నీ గోడ కుడుతున్నాడు, కాబట్టి ట్రే పట్టుకుని నేనే బయటికొచ్చాను. అందులో నీ గోడలోంచి పెకలించిన గడ్డ, ముక్క చెదరకుండా అలాగే ఉంది. గుండ్రంగా, తెల్లగా, గట్టిగా. కన్నాలు పెట్టి ముక్కలుగా లాగి ఉంటే ట్రేలో పోగులు తప్ప ఏమీ కనబడేది కాదు.

వాడు వంగి చూశాడు. గడ్డంటే చీముపొక్కంత ఉంటుందనుకున్నాడు కాబోలు. "ఇదేంటి, ఇంతుంది? సంచే తీసేశారా?" అన్నాడు.

కాదురా అని చెప్పడం నా పని. నోటిదాకా వచ్చింది. అప్పుడు వాడి మొహం చూశాను. కోపం రాకముందు వాడి మొహంలో ఒక తేలిక కనబడింది, ఎవరో బరువు దించినట్టు. వీడు ఇంకో పిల్లని ఎప్పుడో చూసుకున్నాడని అప్పుడే అర్థమైంది. సంచి పోయిన రోజున గుమ్మం లోపల ఉంచుకోడని నువ్వు రాసింది గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. అవుననలేదు, కాదనలేదు. ఊరుకున్నానంతే.

"మాటిచ్చావు కదే" అని ట్రే లాక్కుని దాని అంచుతో నా దవడ మీద కొట్టాడు. పడ్డాక ఇంకోసారి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు చెవిలోపల వినబడింది. నీ గడ్డ నేలమీద దొర్లుకుంటూ బెంచీ కిందికి పోయింది. నెత్తురు మింగుతూ కూడా ఒకటే అనుకున్నాను, ఇప్పుడు నోరు తెరవకూడదని. దవడ వేలాడుతోంది గనక అదేమంత కష్టం కాలేదు. కానీ పారిపోయినవాడు, నిన్ను వార్డులోకి మార్చాక తిరిగొచ్చి నీ మంచం దాకా వస్తాడని లెక్క వేసుకోలేదు. నీ కుట్లు తెగాయంటే ఆ తప్పు నాది.

నిన్ను అడక్కుండా చేశాను. నీ కడుపు గురించి నిన్ను అడక్కుండా ఆ డాక్టరమ్మ చెప్పింది, నా తమ్ముడు చెప్పాడు, చివరికి నేనూ అదే పని చేశాను. ఆ ఉత్తరం పోస్టు చెయ్యడం, చింపడం నీ చేతిలో ఉంది. చేస్తే వాడు వస్తాడు, ఆరు నెలలు ఆగడు, పచ్చి కుట్ల మీద బిడ్డని పెడతాడు, అది చిరిగిపోతే నువ్వూ బిడ్డా ఇద్దరూ పోతారు. నేను చూశాను అలాంటిది, టేబుల్ మీద. ఇంతకంటే చెప్పను.

ఇంకోటి. మీరు, గారు అనడం మానెయ్. నీ కోసం దవడ విరగ్గొట్టుకున్నాను, నువ్వు అను చాలు.

నీ వదిన


షాపులోంచి, కటింగ్ టేబుల్ మీద

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులో పోట్లాడాను. ఒక ఆడదాని కడుపులో సంచి ఉందో లేదో ఆమె మొగుడికి ఎవరు చెప్పాలో ఆమె నిర్ణయించుకోవాలి కదా అని. మూడోరోజు తలగడ కింది ఉత్తరాన్ని కత్తెరతో సన్నగా కత్తిరించాను. బట్ట కత్తిరించే కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందని పెద్దమేడమ్ తిట్టింది.

నిన్న ఆయన వచ్చారు. లాయరు కాగితాలు తెచ్చారు, విడిపోవడానికి నాకిష్టమే అని నేను సంతకం పెట్టాలట. షాపులో అందరి ముందూ బల్ల మీద విసిరి, "గుల్లదానా, పెట్టు" అన్నారు. అమ్మాయిలందరూ మిషన్లు ఆపేశారు. "నెత్తురు కక్కే గొడ్డుని ఇన్నేళ్ళు మేపాను. ఇప్పుడు మా షెడ్డులో పెయింటర్ కూతుర్ని చేసుకుంటున్నా, ఏడాది తిరక్కుండా కొడుకుని కంటుంది చూడు" అన్నారు.

వదినా, నిజం నాలుక చివర దాకా వచ్చింది. సంచి ఉందిరా, నీ పరీక్షే మిగిలింది అని ఆయన మొహాన కొట్టాలని ఒళ్ళంతా మండిపోయింది. ఇన్నేళ్ళ దెబ్బలకి అదొక్కటీ చాలు అనిపించింది. పళ్ళు బిగబట్టి సంతకం పెట్టాను.

పెట్టాక కూడా పోలేదు. జుట్టు పట్టుకుని నా తల బల్లకేసి కొట్టారు, ఊరికే, వెళ్తూ వెళ్తూ. నుదురు చిట్లింది. చేతికి పెద్ద కత్తెర తగిలింది. మూసి ఉన్న కత్తెరని రెండు చేతులా పట్టుకుని దించాను. ఆయన చొక్కా చేతిలోంచి బల్లలోకి దిగింది, దానితో ముంజేతి కండ కూడా కొంత దిగింది. ఆయన అరిచిన అరుపు నేను ముందెప్పుడూ వినలేదు, ఆడపిల్ల గొంతులా ఉంది. అమ్మాయిలు ఒక్కొక్కరూ తమ కత్తెరలు తీసుకుని లేచి నిలబడ్డారు. ఆయన చొక్కా చింపుకుని, చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. నాకు సంతోషం వేసింది వదినా. దాచను.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా లేదు. పెయింటర్ కూతురు నాకు తెలుసు. ఒకసారి తండ్రికి క్యారేజీ తెచ్చి, వర్షం పడుతుంటే మా ఇంట్లో ఆగింది. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. నా కత్తెర తీసుకుని అద్దం ముందు తన ముంగురులు కత్తిరించుకుంటూ నవ్వింది. నేను నోరు మూసుకుని బయటపడ్డాను, నువ్వు నోరు మూసుకుని నన్ను బయటపడేశావు. మన ఇద్దరి మౌనం కలిసి ఆ పిల్లని ఆయన ఇంట్లోకి తోస్తోంది. రబ్బరు సుత్తి ఆయన పనిముట్ల సంచిలోనే ఉంది.

పెద్దమేడమ్ అంటుంది, "కోర్టులో కాగితాలు తేలేదాకా ఆగు. ఇప్పుడు కదిపితే వాడు మళ్ళీ నీ మీద పడతాడు." ఆవిడ మాటలో తప్పు లేదు. కానీ పెళ్ళి ఈ నెలలోనే పెట్టుకున్నారు. వస్తే రానీ. ఈసారి మేడ మీది తలుపు వెనక దాక్కోను, కింద అమ్మాయిల మధ్య ఉంటాను.

అందుకే నీకు ఇంకా రాయాల్సింది ఉన్నా ఆపేస్తున్నాను. ముందు ఆ పిల్లకి రాయాలి. సంచి సంగతి రాయను, అది నాది. మిగతాదంతా రాస్తాను, సుత్తి, మెట్లు, గోడ కడగడం, అన్నీ. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, ఆమెని ఏమని పిలవాలో తోచలేదు. చివరికి "చెల్లీ" అని మొదలుపెట్టాను.

నీ మరదలు